టర్కీ కీమాతో స్లాపీ జో: నీళ్లు నీళ్లుగా కాకుండా, వారం మధ్యలో చేసుకునేదెలా?

మానస_ప్లేనో | సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా అబ్బాయి మూడో తరగతి చదువుతున్నాడు. నెల క్రితం పక్కింట్లో స్నేహితుడితో కలిసి భోంచేసి వచ్చి, "అమ్మా, వాళ్లింట్లో స్లాపీ జో తిన్నాను, మనింట్లో ఎందుకు చేయవు?" అని అడిగాడు. టమాటా సాస్‌లో వండిన గొడ్డుమాంసం కీమాను బన్నులో పెట్టుకుని తినే అమెరికా వంట అది. మేము గొడ్డుమాంసం తినమని వాళ్లకు తెలుసు. అందుకని ఆ రోజు ఆ స్నేహితుడి అమ్మ టర్కీ కోడి కీమాతో చేసిందట. అంత శ్రద్ధ తీసుకున్నందుకు నాకు చాలా సంతోషం కలిగింది.

ఆవిడను అడిగితే డబ్బా సాస్ పోస్తానని చెప్పింది. నేనూ ఒక డబ్బా తెచ్చి చేశాను. మా ముగ్గురికీ తీపి మరీ ఎక్కువనిపించింది. రెండోసారి సాస్ నేనే కలుపుకున్నాను. ఈసారి కీమా నీళ్లు వదిలి పులుసులా తయారైంది. బన్ను అడుగు తడిసి చేతిలోనే చీలిపోయింది. మాంసం గోళీల్లా ఉండలు కట్టింది. రుచి చప్పగా ఉంది.

నేను ఆఫీసు నుంచి ఆరుంబావుకు ఇల్లు చేరతాను. ఏడింటికల్లా వాడు తిని సాకర్ అభ్యాసానికి వెళ్లాలి. ఆ నలభై ఐదు నిమిషాల్లో అయ్యే పద్ధతి కావాలి. తొంభై తొమ్మిది శాతం కొవ్వు లేనిదని రాసి ఉన్న ప్యాకెట్ వాడాను. తప్పు అక్కడేనా?

---

పెద్దబాణలి | సోమవారం, రాత్రి 10:35

మానస గారూ, మీరు రాసిన మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే. మీ కీమా వేగడం లేదు, ఉడుకుతోంది.

టర్కీ మాంసంలో నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ. చిన్న గిన్నెలో వేసి వెంటనే కలపడం మొదలుపెడితే ఆ నీరంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. నీరు ఉన్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. మాంసానికి రంగు, వాసన రావాలంటే పైభాగం సుమారు 140 డిగ్రీలకు చేరాలి. మనం వంకాయ వేపుడుకూ వంకాయ కూరకూ తేడా ఎలా తెలుసుకుంటామో ఇదీ అంతే. నీళ్లలో ఉడికిన మాంసానికి సాస్ ఎంత పోసినా చప్పదనం పోదు.

నేను చేసే పద్ధతి రాస్తాను. పదిహేడేళ్లుగా షికాగోలో ఉంటున్నాను. మా ఇంట్లో రెండు వారాలకొకసారి ఇది తప్పనిసరి.

ముందుగా ప్యాకెట్ సంగతి. 93 శాతం మాంసం, 7 శాతం కొవ్వు ఉన్నది తీసుకోండి. 99 శాతంది కేవలం రొమ్ము మాంసం. సాస్‌లో పది నిమిషాలు ఉండేసరికి రంపపు పొట్టులా అవుతుంది. 85 శాతంది రుచిగా ఉంటుంది కానీ కొవ్వు పైకి తేలుతుంది, కొంత వంపేయాలి. పిల్లలకు, వారం మధ్యలో వంటకు 93 సరైనది.

పెనం వెడల్పుగా ఉండాలి. ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల కీమాకు పన్నెండు అంగుళాల పెనం. దాన్ని ఖాళీగా రెండు నిమిషాలు బాగా కాలనివ్వండి. తర్వాత ఒక పెద్ద చెంచా నూనె వేయండి. కీమాను ప్యాకెట్ నుంచి తీసి కాగితపు తువ్వాలుతో పైపైన తడి అద్ది, దిబ్బరొట్టెలా ఒకే బిళ్లగా పెనంలో పరిచేయండి. ఇక నాలుగు నిమిషాలు చేయి పెట్టకండి. ఇదే అందరికీ కష్టమైన భాగం. గరిటె పట్టుకున్న చేయి ఊరుకోదు. అడుగు బాగా ఎర్రబడ్డాక ముక్కలుగా తిప్పి, అప్పుడు చిదమండి. మిగిలిన నీరు ఇంకిపోయి మళ్లీ చిటపట శబ్దం వినిపించేదాకా వేయించండి. ఆ శబ్దమే గుర్తు.

ఇప్పుడు కీమాను ఒక పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయ, సగం క్యాప్సికం, రెండు వెల్లుల్లి రెబ్బలు వేయండి. అవి మెత్తబడ్డాక రెండు పెద్ద చెంచాల టమాటా పేస్ట్ వేసి ఇటుక రంగు వచ్చేదాకా వేపండి. పచ్చి టమాటా వాసన పోవడానికి ఇది తప్పనిసరి. తర్వాత కొద్దిగా నీళ్లు చల్లి, అడుగున పట్టిన గోధుమ రంగు పొరను చెక్క గరిటెతో గీకి కలపండి. అసలు రుచంతా ఆ పొరలో ఉంటుంది, దాన్ని వదలొద్దు.

ఆపైన ఒక కప్పు టమాటా సాస్, రెండు పెద్ద చెంచాల కెచప్, ఒక పెద్ద చెంచా వూస్టర్‌షైర్ సాస్, ఒక పెద్ద చెంచా బెల్లం తురుము, ఒక చిన్న చెంచా మస్టర్డ్ (సీసాలో వచ్చే ఆవాల సాస్), ఒక చిన్న చెంచా వెనిగర్, ఉప్పు, మిరియాలు. సన్నని మంట మీద ఎనిమిది, పది నిమిషాలు. గరిటెతో పెనం మధ్యలో గీత గీస్తే ఆ దారి ఒక క్షణం అలాగే నిలవాలి. వెంటనే మూసుకుపోతే ఇంకా పలచగా ఉందన్నమాట.

బన్నుల లోపలి వైపు వెన్న రాసి పెనం మీద కాల్చండి. కాలిన పెచ్చు మీద వెన్న ఉంటే తడి లోపలికి తొందరగా దిగదు.

మొత్తం ముప్పై నిమిషాలు. ఐదు బన్నులకు సరిపోతుంది.

---

కొత్తకాపురం_రాలీ | సోమవారం, రాత్రి 11:10

పెద్దబాణలి గారూ, ఎంత వివరంగా రాశారండీ. నాదొక హెచ్చరిక, కొత్తగా వచ్చినవాళ్ల కోసం.

అమెరికా వంటల పుస్తకాల్లో ఈ వంటకు "చిల్లీ పౌడర్ ఒక పెద్ద చెంచా" అని ఉంటుంది. ఇక్కడ ఆ పేరుతో అమ్మేది మన కారం కాదు. అందులో మిరపపొడితో పాటు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిసి ఉంటాయి. కారం తక్కువ. నాకది తెలియక ఇంటి నుంచి తెచ్చుకున్న గుంటూరు కారం ఒక పెద్ద చెంచా నిండా వేశాను. మా వారి సహోద్యోగి కుటుంబం ఆ రోజు భోజనానికి వచ్చింది. వాళ్ల పాప మొదటి ముద్దకే ఏడ్చింది. నాకు ఇప్పటికీ ఆ పాప ముఖం గుర్తొస్తే బాధగా ఉంటుంది. మన కారమైతే పావు చెంచా చాలు, పైన కొంచెం జీలకర్ర పొడి.

ఇంకొకటి. మన దగ్గర టమాటా సాస్ అంటే సీసాలో వచ్చే తీపి సాస్. ఇక్కడ ఆ పేరుతో చిన్న డబ్బాలో వచ్చేది చక్కెర లేని, కొద్దిగా ఉప్పు వేసిన టమాటా గుజ్జు. ఎనిమిది ఔన్సుల డబ్బా అంటే దాదాపు ఒక కప్పు. పై కొలతలో చెప్పింది అదే అనుకుంటాను.

---

పెద్దబాణలి | సోమవారం, రాత్రి 11:18

అవును, డబ్బాలో వచ్చేదే. రాయడం మరిచాను. మంచి పని చేశారు.

---

పాతబస్తీ_అట్లాంటా | మంగళవారం, ఉదయం 7:05

ఇంత కష్టం ఎందుకండీ? కీమాకు మనకు తెలిసిన దారి ఉంది కదా. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, ధనియాల పొడి, గరం మసాలా, చివర్లో పుదీనా. దాన్ని వెన్నతో కాల్చిన బన్నులో పెడితే ఆ తీపి సాస్ కంటే వంద రెట్లు బాగుంటుంది. నేను హైదరాబాద్‌లో పొద్దున్నే ఖిచిడీ, ఖీమా, ఖట్టా తిని పెరిగినవాణ్ణి. టర్కీకి సొంత రుచి తక్కువ. దానికి మసాలానే ప్రాణం పోస్తుంది. కెచప్, బెల్లం వేసి కీమాను తీపి చేయడం నాకు నచ్చదు.

---

పెద్దబాణలి | మంగళవారం, ఉదయం 7:40

మీ కీమాను నేను కాదనను. ఆదివారం మా ఇంట్లో అదే. కానీ ఆ అబ్బాయి అడిగింది స్లాపీ జో. స్నేహితుడి ఇంట్లో తిన్న రుచి తన ఇంట్లోనూ దొరకాలని అడిగాడు. గరం మసాలా వేసి "ఇదే అది" అని పెడితే వాడికి తేడా తెలుస్తుంది, మళ్లీ అడగడు. మా పెద్దమ్మాయి విషయంలో నేను చేసిన పొరపాటు ఇదే. రెండేళ్లపాటు అది అడిగిన ప్రతి వంటకూ తాలింపు పెట్టాను. చివరికి అడగడం మానేసింది. వాళ్ల వంటను వాళ్ల లెక్క ప్రకారం బాగా చేయడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే అని ఆ తర్వాత తెలిసింది.

ఖట్టా అన్నారు కాబట్టి ఒక మాట. చింతపండు పులుపు మీకు ఇష్టమైతే వూస్టర్‌షైర్ సాస్ మీకు పరాయిది కాదు. దాని సీసా మీద పదార్థాలు చదవండి. వెనిగర్, మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే నల్లని పాకం), ఆంకోవీ చేపలు, ఉల్లి, వెల్లుల్లి, లవంగం, వాటితో పాటు చింతపండు ఉంటుంది. ఇంగ్లండ్‌లోని వూస్టర్ పట్టణంలో 1837లో లీ, పెరిన్స్ అనే ఇద్దరు మందుల వ్యాపారులు దాన్ని అమ్మకానికి పెట్టారు. స్లాపీ జోలో మనకు ఎక్కడో తెలిసిన రుచిలా అనిపించేది ఆ చింతపండే.

---

పాతబస్తీ_అట్లాంటా | మంగళవారం, ఉదయం 8:02

చింతపండు సంగతి నాకు తెలియదు. పిల్లవాడి మాట వరకు ఒప్పుకుంటాను. కీమా మాట వరకు ఒప్పుకోను.

---

రసాయనశాల | మంగళవారం, మధ్యాహ్నం 12:20

నేను ఆహార పరీక్షల ప్రయోగశాలలో పని చేస్తాను. జాగ్రత్తల గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను.

రుబ్బిన పక్షి మాంసం లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చేరాలి. రుబ్బిన గొడ్డుమాంసానికి, మేకమాంసానికి ఇక్కడ చెప్పే హద్దు 160. ముక్క మాంసంలో సూక్ష్మజీవులు చాలావరకు పైపైనే ఉంటాయి. రుబ్బినప్పుడు అవి అంతటా కలిసిపోతాయి. అందుకే కీమా విషయంలో సగం ఉడికితే చాలు అనే మాట లేదు. రంగు చూసి నిర్ణయించకండి. టర్కీ పూర్తిగా ఉడికాక కూడా ఒక్కోసారి లేత గులాబీ రంగు ఉండవచ్చు, ఉడకకముందే తెల్లబడవచ్చు కూడా. ఉష్ణమాపకం కొనుక్కోండి. కీమా పలుచగా పరిచి ఉంటే దాని మొన సరిగా దిగదు. కాబట్టి గరిటెతో మధ్యలో కుప్పగా చేసి అందులో గుచ్చండి.

పచ్చి టర్కీ కీమా ఫ్రిజ్‌లో ఒకటి, రెండు రోజులే. ఆదివారం కొని గురువారం వండాలనుకుంటే గడ్డకట్టించాల్సిందే. పొద్దున వంటగది గట్టు మీద పెట్టి సాయంత్రానికి కరిగించడం మాత్రం ఎప్పుడూ వద్దు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో, పళ్లెంలో పెట్టండి. మరిచిపోతే, గాలి చొరని సంచీలో ఉంచి చల్లని నీళ్లలో ముంచి, ప్రతి ముప్పై నిమిషాలకూ నీళ్లు మార్చండి. పౌండు ప్యాకెట్ గంటలోపు కరుగుతుంది. అలా కరిగించింది వెంటనే వండేయాలి.

వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు, నాలుగు రోజుల్లో తినేయాలి.

టర్కీ ప్యాకెట్ తెరిచాక కుళాయి కింద మాంసం కడగవద్దు. మన ఇళ్లలో ఇది గట్టి అలవాటు, నాకు తెలుసు. మా అమ్మ కూడా కడుగుతుంది. కానీ ఆ తుంపరలు సింకు చుట్టూ, పక్కన ఆరబెట్టిన పళ్లేల మీద పడతాయి. కీమా కడిగితే నీరు పట్టేసి పైన పెద్దబాణలి గారు చెప్పిన వేపుడు కూడా కుదరదు.

---

మానస_ప్లేనో | మంగళవారం, మధ్యాహ్నం 1:15

రసాయనశాల గారూ, నేను ఇన్నాళ్లూ జల్లెడలో వేసి కడుగుతున్నాను! నీళ్లు ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు తెలిసింది. చాలా థాంక్స్.

ఉండలు కట్టడం గురించి ఎవరైనా చెప్పండి. చెక్క గరిటెతో ఎంత విడగొట్టినా పెద్ద పెద్ద ముక్కలే ఉంటున్నాయి.

---

లక్ష్మమ్మ_గుడివాడ | మంగళవారం, మధ్యాహ్నం 2:00

అమ్మా మానసా, నేను మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలల కోసం వచ్చాను. హ్యూస్టన్‌లో ఉంటారు. నేను మాంసం తినను, కానీ పిల్లలకు వండి పెడతాను.

నీ దగ్గర పప్పుగుత్తి ఉందా? దానితో పెనంలోనే మెదుపు. పప్పు ఎనిపినట్టు గట్టిగా కాదు, పైనుంచి నొక్కి తీస్తూ ఉండు. రెండు నిమిషాల్లో ఉండలన్నీ విడిపోతాయి. చెక్క గుత్తి కనుక పెనం గీసుకుపోదు. మా అల్లుడు బజారు నుంచి ఇనుప మెదుపుడు కర్ర తెచ్చాడు. అది పెనం పైపూత లేపేసింది, తీసి లోపల పెట్టించాను.

మాంసం ఎర్రబడ్డాక మెదపాలి. పచ్చిగా ఉన్నప్పుడు మెదిపితే ముద్దై అతుక్కుపోతుంది.

---

పెద్దబాణలి | మంగళవారం, మధ్యాహ్నం 2:25

అమ్మా, పదిహేడేళ్లుగా నేను రెండు గరిటెలతో కుస్తీ పడుతున్నాను. పప్పుగుత్తి పొయ్యి పక్కనే వేలాడుతూ ఉంటుంది, ఒక్కసారీ తట్టలేదు. ఈ రాత్రే చేసి చూస్తాను.

---

అయోవా_చేను | మంగళవారం, సాయంత్రం 5:30

ఈ వంట పుట్టినిల్లుగా చెప్పుకునే రాష్ట్రంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను కాబట్టి నా వంతు.

అయోవాలో దీనికి ముందు తరం వంట ఒకటి ఉంది. రుబ్బిన గొడ్డుమాంసాన్ని ఉల్లిపాయతో పొడిపొడిగా వండి, సాస్ ఏమీ లేకుండా బన్నులో పెడతారు. మస్కటీన్ పట్టణంలో ఫ్రెడ్ ఏంజెల్ అనే మాంసం వ్యాపారి 1926లో ఇది అమ్మడం మొదలుపెట్టాడు. ఆ దుకాణమే తర్వాత మెయిడ్-రైట్ పేరుతో పలు ఊళ్లకు విస్తరించింది. ఇప్పటికీ బన్నుతో పాటు చెంచా ఇస్తారు, రాలిన మాంసం ఏరుకుని తినడానికి. మా పశ్చిమాన ఉన్న సూ సిటీ వైపు దాన్నే టావర్న్ అంటారు. అక్కడ జో అనే వంటవాడు ఆ పొడి మాంసానికి టమాటా సాస్ కలిపాడని, అలా స్లాపీ జో పుట్టిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. మరికొందరు హవానా, కీ వెస్ట్ ఊళ్లలో ఆ పేరుతో ఉన్న బార్లను చూపిస్తారు. ఎవరి ఊరు వాళ్లకు గొప్ప.

వారం మధ్యలో వంటగా ఇంటింటికీ చేరడానికి డబ్బా సాస్ కూడా ఒక కారణం. హంట్స్ కంపెనీ వాళ్లు మాన్‌విచ్ అనే ఆ డబ్బా సాస్‌ను 1969లో తెచ్చారు. ఇక్కడ నా వయసు సహోద్యోగులందరికీ అది చిన్ననాటి రుచి. బడి భోజనశాలలో పెట్టిన స్లాపీ జో గురించి మాట్లాడుతుంటే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. మనకు బడి ముందు అమ్మిన ఉసిరికాయలు, రేగుపళ్ల లాంటి జ్ఞాపకం అది. మానస గారి అబ్బాయికి రేపు అలాంటి జ్ఞాపకమే ఉంటుంది. అందుకే పెద్దబాణలి గారి మాటతో ఏకీభవిస్తున్నాను.

టర్కీని ఇక్కడ ప్రత్యామ్నాయంగా ఎవరూ చూడరు. మా పక్కనున్న మిన్నెసోటా టర్కీ పెంపకంలో దేశంలోనే ముందుంటుంది. చర్చి భోజనాల్లో టర్కీతోనూ చేస్తారు.

---

ఎడిసన్_వాసి | మంగళవారం, సాయంత్రం 6:10

న్యూజెర్సీకి వచ్చేవాళ్లు జాగ్రత్త. ఉత్తర న్యూజెర్సీలో మాంసం దుకాణంలో స్లాపీ జో అడిగితే ఇది రాదు. మూడు రై రొట్టె ముక్కల మధ్య రెండు రకాల చల్లని మాంసం, స్విస్ చీజ్, కోల్‌స్లా అనే క్యాబేజీ తురుము సలాడ్, రష్యన్ డ్రెస్సింగ్ అనే సాస్ పెట్టి చతురస్రాలుగా కోసి ఇస్తారు. సౌత్ ఆరెంజ్ ఊరి పేరుతో ముడిపడిన వంట. మా ఆఫీసు విందుకు స్లాపీ జో అని రాసి ఉంటే వేడి వేడి కీమా అనుకుని వెళ్లాను. మాంసం ఏదో అడిగి తినాల్సిన వంట అది, నాలుక కూడా ఉంటుంది కొన్నిచోట్ల. అడిగి తీసుకోండి.

---

నల్గొండ_శ్రీను | మంగళవారం, రాత్రి 8:45

మేము హైదరాబాద్‌లోనే ఉంటాం. మా అక్క పిల్లలు సెలవులకు అమెరికా నుంచి వస్తున్నారు. ఇక్కడ మామూలు చికెన్ దుకాణంలో టర్కీ దొరకదు. చికెన్ కీమాతో చేయవచ్చా? వూస్టర్‌షైర్ సాస్ లేకపోతే ఏమిటి ప్రత్యామ్నాయం?

---

పెద్దబాణలి | మంగళవారం, రాత్రి 9:30

నిస్సందేహంగా చేయవచ్చు శ్రీను గారూ. దుకాణంలో మీ కళ్లముందే రుబ్బించుకోండి, రొమ్ము ఒక్కటే కాకుండా తొడ మాంసం సగం కలపమనండి. మెత్తగా రెండుసార్లు కాకుండా ఒక్కసారే రుబ్బమనండి. టమాటా గుజ్జుకు నాలుగు పండిన టమాటాలు రుబ్బి, విడిగా చిక్కబడేదాకా ఉడికించి పోయండి.

సాస్ లేకపోతే ఒక పెద్ద చెంచా చిక్కని చింతపండు రసం, ఒక చిన్న చెంచా సోయా సాస్, చిటికెడు లవంగాల పొడి. అప్పుడు పైన చెప్పిన వెనిగర్ మానేయండి, పులుపు రెండింతలవుతుంది. నేను ఇక్కడ సీసా అయిపోయిన రోజు చేసేది ఇదే.

---

లక్ష్మమ్మ_గుడివాడ | బుధవారం, ఉదయం 10:15

మాంసం తిననివాళ్లున్న ఇళ్లకు ఒక దారి చెబుతాను. మా మనవలు బన్నులు తింటుంటే పక్కన కూర్చుని నేను మాత్రం అన్నం తినేదాన్ని. నా కోసం మా అమ్మాయి పొట్టు తీయని మసూర్ పప్పుతో చేసింది. ఇక్కడి దుకాణాల్లో గోధుమ రంగులో ఉంటాయే, అవి. గంట నానబెట్టి, విడిగా ఇరవై నిమిషాలు, గింజ మెత్తబడి విచ్చకుండా ఉడికించి నీళ్లు వార్చాలి. ఉల్లిపాయ, క్యాప్సికం, టమాటా ముద్ద అన్నీ పై పద్ధతే. కొంచెం అక్రోటు పలుకులు సన్నగా నలిపి వేయించి కలిపితే నోటికి కాస్త తగులుతూ ఉంటుంది. ఎర్ర మసూర్ పప్పు వద్దు, అది కరిగి పప్పే అవుతుంది.

ఆ సీసా సాస్‌లో చేప ఉంటుందని ఇక్కడ చదివే తెలుసుకున్నాను. మా అమ్మాయికి చెబితే తనకూ తెలియదు. ఇకనుంచి నా గిన్నెలోకి చింతపండు రసమే. శాకాహారులు తప్పక సీసా చదవాలి.

---

రసాయనశాల | బుధవారం, ఉదయం 11:00

చేప పడనివాళ్లకు, అంటే అలర్జీ ఉన్నవాళ్లకు కూడా ఇదే హెచ్చరిక. పక్కింటి పిల్లలకు పెట్టేముందు ఒకసారి అడగండి. బన్నులో గోధుమ, కొన్నిటిలో గుడ్డు, పాలు, నువ్వులు ఉంటాయి.

---

కొత్తకాపురం_రాలీ | బుధవారం, మధ్యాహ్నం 12:40

ప్రెషర్ కుక్కర్ లాంటి విద్యుత్ పాత్రలో ఒకేసారి అన్నీ వేసేస్తే ఇంకా త్వరగా అవుతుందా?

---

పెద్దబాణలి | బుధవారం, మధ్యాహ్నం 1:05

నేను వద్దంటాను. మూత పెట్టిన పాత్రలో ఆవిరి బయటికి పోదు, సాస్ చిక్కబడదు. చిక్కని టమాటా అడుగంటి మాడుతున్నట్టు హెచ్చరిక వస్తుంది, మీరు నీళ్లు పోస్తారు, కథ మొదటికి వస్తుంది. వేడెక్కడానికీ ఆవిరి దిగడానికీ పట్టే సమయం కలిపితే పెనమే నయం.

సమయం మిగలాలంటే ఆదివారం ఉల్లిపాయలు, క్యాప్సికం తరిగి డబ్బాలో పెట్టుకోండి. సాస్‌లోకి వెళ్లే ద్రవాలన్నీ ఒక సీసాలో కలిపి ఉంచండి. సాయంత్రం మీ చేతికి పని పెనం దగ్గర మాత్రమే.

ఇంకా ఒక కిటుకు. పౌండు కీమాకు పావు చిన్న చెంచా వంటసోడా ఒక పెద్ద చెంచా నీళ్లలో కరిగించి కలిపి పదిహేను నిమిషాలు ఉంచితే, మాంసం నీటిని పట్టి ఉంచుకుంటుంది, త్వరగా ఎర్రబడుతుంది. బట్టలు మార్చుకునేలోపు ఆ పదిహేను నిమిషాలు గడుస్తాయి. పావు చెంచా దాటితే సబ్బు రుచి వస్తుంది, అది గుర్తుంచుకోండి.

---

మానస_ప్లేనో | గురువారం, రాత్రి 9:20

ఈ రోజు చేశాను. ఎక్కడ ఏమైందో అన్నీ రాస్తాను, నాలాంటివాళ్లకు పనికొస్తుంది.

93 శాతం ప్యాకెట్. కడగలేదు. ఆరుంబావుకు వంటసోడా కలిపి పెట్టి, వాడి బూట్లు, నీళ్ల సీసా సర్దాను. ఆరున్నరకు పెనం మీద వేశాను. మొదటి నిమిషంలో కొంచెం నీరు కనిపించి భయం వేసింది, కానీ గరిటె పక్కన పెట్టేశాను. నాలుగు నిమిషాలకు అడుగు పెసరట్టు అంచులా ఎర్రబడింది. నా ఇంట్లో టర్కీకి అలాంటి వాసన రావడం ఇదే మొదటిసారి. పప్పుగుత్తితో మెదిపితే పొడిపొడిగా విడిపోయింది. లక్ష్మమ్మ గారూ, మీకు నమస్కారం. ఆ గుత్తి మా అమ్మ పెళ్లిలో ఇచ్చింది, ఇన్నేళ్లూ పప్పుకే పరిమితమైంది.

బెల్లం ఒక పెద్ద చెంచాకు బదులు ముప్పావు వేశాను. మాకు అది సరిపోయింది. కారం పావు చెంచా. గీత గీస్తే దారి నిలిచింది. ఏడుకు రెండు నిమిషాల ముందు బల్ల మీద పెట్టాను. పక్కన దోసకాయ ముక్కలు, మొక్కజొన్న.

మావాడు సగం తిన్నాక తలెత్తి, "వాళ్లింట్లో లాగే ఉంది, కానీ ఇది విరగడం లేదు" అన్నాడు. బన్ను గురించి. రెండోది కూడా తిన్నాడు. మా వారు మాత్రం మిగిలిన కీమాలో పచ్చిమిర్చి, కొత్తిమీర కలుపుకుని చపాతీతో తిన్నారు. పాతబస్తీ గారూ, ఆ గిన్నె మీ పేరున.

---

పాతబస్తీ_అట్లాంటా | గురువారం, రాత్రి 9:45

ఆయనకు నా సలాం చెప్పండి. వచ్చే వారం నేను కూడా మీ పద్ధతిలో ఒకసారి చేస్తాను, మా పాప బడిలో ఇదే పెడుతున్నారట.

---

మానస_ప్లేనో | శుక్రవారం, ఉదయం 8:10

చివరి ప్రశ్న. పక్కింటివాళ్లను వచ్చే బుధవారం భోజనానికి పిలిచాను. వాళ్లు నలుగురు, మేము ముగ్గురం. రెండు పౌండ్లు కావాలి. అదే పెనంలో ఒకేసారి వేయవచ్చా?

---

పెద్దబాణలి | శుక్రవారం, ఉదయం 8:30

వద్దు. పెనం నిండితే మళ్లీ ఉడుకుతుంది. రెండు విడతలుగా వేయించి తీయండి, ఉల్లిపాయలు, సాస్ మాత్రం రెండింతలు ఒకేసారి, అందులోకి మాంసమంతా కలిపేయండి. చిక్కబడటానికి ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముందు రోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టినా ఏమీ కాదు, మర్నాడు రుచి ఇంకా కలుస్తుంది. వేడి చేసేటప్పుడు మళ్లీ 165 దాకా రానివ్వండి. బన్నులు మాత్రం వాళ్లు వచ్చాకే కాల్చండి.

---

రసాయనశాల | శుక్రవారం, ఉదయం 8:52

ముందు రోజు చేస్తే లోతైన గిన్నెలో అలాగే పెట్టకండి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు పౌండ్ల కుప్ప మధ్యలో చాలాసేపు వేడిగా ఉంటుంది.

---

మానస_ప్లేనో | శుక్రవారం, ఉదయం 9:05

అలాగే చేస్తాను. మంగళవారం రాత్రి వండుతాను. ఆవిడకు చేప, నువ్వులు పడతాయో లేదో ఇప్పుడే ఫోను చేసి అడుగుతున్నాను.